కూత మింగే పెట్టె

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మైకు ఉండేది. ఎవరు ఎంత గొంతు చించుకున్నా, ఆ మాట మైకులో పడి హారన్‌లోంచి బయటికొస్తేనే మాట కింద లెక్క. సభా మైదానంలో హారన్ కింద ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి మినిట్స్ రాసేది. హారన్‌లో వచ్చింది రాసేది, రానిది రాసేది కాదు. ఎవరైనా ఎదురుగా వచ్చి మొహం మీద చెప్పినా, "మైకులో చెప్పండి" అని మళ్లీ పుస్తకంలో తల దూర్చేది.

ఆ మైకు సెట్టు చూసుకునే ఉద్యోగి పేరు పెంచలయ్య. జాతికి దేవాంగపిల్లి. గుప్పెడు ఒళ్లు, ఒంటికి మించిన కళ్లు, పుల్లల్లాంటి వేళ్లు. ఆ వేళ్లతో నాబు తిప్పాడంటే గొంతులో గరగర పోయి మాట తేటపడేది. పని తెలిసినవాడే, కాకపోతే నిదానం. కొమ్మ ఈ చివర బయల్దేరి ఆ చివరికి చేరేలోగా చూస్తున్నవాళ్లకి ఆకలేసేది. పైగా అది రాత్రి మేలుకునే జాతి, సభలేమో పట్టపగలు. పాపం, కళ్లు నులుముకుంటూనే డ్యూటీ చేసేవాడు.

ఉద్యోగంతో పాటు మైదానం పక్కనున్న మద్దిచెట్టు తొర్రను క్వార్టర్సు కింద ఇచ్చారు. వాన పడదు, పాము దూరదు. పెళ్లాం రవణమ్మ కడుపుతో ఉంది. ఉద్యోగం పోతే తొర్ర పోతుంది. పెంచలయ్యకి వేరే ఏ భయమూ లేదు గానీ ఈ ఒక్క భయం మాత్రం వదిలేది కాదు.

భయపడడానికి కారణం కూడా ఉంది. సభ ప్రెసిడెంటు అడవిదున్న భూపాలం గారు. ఆయన ఉపన్యాసాల్లో సంగతి తక్కువ, సాగదీత ఎక్కువ. "సోదరులారా" అని మొదలుపెడితే ఆ చివరి "రా" పూర్తయ్యేలోపు ముందు వరసలో దుప్పి ఒక పొద చిగుళ్లు మేసేసేది. అంతవరకూ ఫరవాలేదు. భూపాలం గారికి ఒక ముచ్చట ఉంది. తన గొంతు అందరికీ వినబడితే చాలదు, తనకి కూడా వినబడాలి, అదీ గట్టిగా. అందుకని ఒక స్పీకరు పెట్టెను జనం వైపు కాకుండా తన మొహం వైపు తిప్పించి పెట్టించుకున్నారు.

దాంతో ప్రతి సభలోనూ ఆయన నోరు తెరిచిన రెండో నిమిషానికి మైకు కుయ్యిమని కూత పెట్టేది. ఆ కూతకి కుందేళ్లు కలుగుల్లోకి, కోతులు చెట్ల పైకి పోయేవి. ఒకసారి ఉడుము కొమ్మ మీంచి జారి కొంగ మినిట్స్ పుస్తకం మీద పడింది. కొంగ అది కూడా రాసుకుంది.

"మైకువాడెక్కడ?" అనేవారు భూపాలం గారు.

మైకువాడు అప్పటికే నాబు వైపు చెయ్యి చాపుతూ ఉండేవాడు. చెయ్యి నాబు దగ్గరికి చేరేసరికి సభ సగం ఖాళీ.

కార్యదర్శి పరాంకుశం మెమో ఇచ్చాడు. ఈ పరాంకుశం పునుగుపిల్లి. మనిషి వెళ్లిపోయాక కూడా వాసన అరగంట కూర్చునేది. ఆయనకి ఒక బావమరిది ఉన్నాడు. తొర్ర వెతుక్కుంటానని వచ్చి మూడు నెలలుగా అక్కగారింట్లోనే పళ్లు తింటున్నాడు. రోజూ సాయంత్రం అదే పనిగా మద్దిచెట్టు కింద షికారు చేసి, తొర్ర వైపు చూసి, "గాలి బాగా వస్తుందా అండీ?" అని రవణమ్మని అడిగి పోతుంటాడు.

"మైకు కూసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజులలోగా తెలుపవలెను" అని మెమో. పెంచలయ్య ఆ పూటే జవాబు మొదలుపెట్టాడు. కానీ ఆ చేత్తో పేజీ నిండడానికి ఐదు రోజులు పడుతుంది. జవాబు ఆలస్యమైనందుకు రెండో మెమో వచ్చింది. మూడోది వస్తే ఉద్యోగం ఊడినట్టే, అదీ రూలే.

పెంచలయ్య నేరుగా ప్రెసిడెంటు గారి దగ్గరికే పోయాడు.

"అయ్యా, తప్పు మైకుది కాదయ్యా. తమరి గొంతు ఆ ఎదురు పెట్టెలోంచి వచ్చి మళ్లీ మైకులోనే పడతా ఉండాది. మైకు దాన్ని మళ్లీ పెట్టెకిస్తుంది. పెట్టె మళ్లీ మైకుకిస్తుంది. అట్టా తిరిగి తిరిగి కూతవుతుంది. పెట్టెని ఒక మూరెడు పక్కకి తిప్పుకుంటే చాలయ్యా."

భూపాలం గారు ఆ మాటని చాలాసేపు నమిలారు. దున్న కదా, ఏదైనా రెండుసార్లు నములుతుంది.

"అంటే నా గొంతు నేను వినకూడదంటావు."

"వినొచ్చయ్యా. కొంచెం తగ్గించి వినొచ్చు."

పక్కనున్న పరాంకుశం చెవులు మూసుకున్నాడు. "విన్నారా సార్. మిమ్మల్ని తగ్గమంటున్నాడు."

అక్కడితో ఆ సంగతి తెగింది. పెట్టె ఉన్న చోటే ఉంది.

అంతలో పట్నం నుంచి ఒక గోరింక దిగింది. మైకు సామాను అమ్మే కంపెనీ తరఫున వచ్చింది, కంపెనీ నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పేది. "మా పెట్టె తానే వింటుంది. కూత ఏ స్వరంలో వస్తోందో తానే పట్టుకుంటుంది. ఆ స్వరం ఒక్కదాన్నే కత్తిరిస్తుంది. ఎవరి చెయ్యీ పడక్కర్లేదు."

"ఆ చివరిది మళ్లీ చెప్పు" అన్నాడు పరాంకుశం.

"ఎవరి చెయ్యీ పడక్కర్లేదు."

పరాంకుశం మీసాలు నిక్కబొడుచుకున్నాయి. చెయ్యి అక్కర్లేనప్పుడు చెయ్యి పెట్టేవాడు ఎందుకు? చెయ్యి పెట్టేవాడే అక్కర్లేనప్పుడు వాడికి తొర్ర ఎందుకు? ఆ సాయంత్రమే ఫైలు నడిచింది. అడవిలో ఫైలు అంత తొందరగా నడవడం అంతకు ముందు చూసినవాళ్లు లేరు.

పెట్టె వచ్చింది. దానితో పాటు ఒక కాగితం వచ్చింది. ఎవరూ చదవలేదు, పెంచలయ్య చదివాడు. మూడు రోజులు పట్టింది గానీ ప్రతి అక్షరమూ చదివాడు. చదివి పరుగున, అంటే వాడి పరుగున, ఆఫీసుకి పోయాడు.

"సార్, ఈ పెట్టెకి మొదట పాఠం చెప్పాలంట. మైదానంలో పురుగు కూడా ఉండకూడదు. ఎవురూ నోరు తెరవకూడదు. ఉత్త మైకు పెట్టి వాల్యూము మెల్లగా పెంచుకుంటా పోవాల. కూత వచ్చినప్పుడల్లా పెట్టె దాన్ని గుర్తుపెట్టుకుని ఒక ఎర్ర దీపం వెలిగిస్తుంది. అట్టా పన్నెండు దీపాలు. అన్నీ వెలిగినాక ఇంక ఆ పాఠం మారదు. సార్, ముఖ్యమైన సంగతేందంటే, ఆగకుండా సాగే స్వరం ఏదైనా సరే దానికి కూత కిందే లెక్క."

పరాంకుశం ముక్కు ఎగబీల్చాడు. "ఖాళీ మైదానంలో ప్రారంభోత్సవమా?"

"ప్రారంభోత్సవం తర్వాత చేసుకోవచ్చు సార్."

"పెట్టె ముందు పనిచేసి, తర్వాత ప్రారంభించబడుతుందా? నీకు ఆఫీసు పద్ధతి తెలుసా అసలు? ప్రారంభించనిది ఏదీ పనిచేయరాదు."

ఇది నిజంగానే ఆ అడవి పద్ధతి. వాగు మీద వంతెన వేసినప్పుడు కూడా, రిబ్బను కట్ చేసేదాకా రెండు నెలలు అందరూ కింద నీళ్లలోనే నడిచారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. వేదిక మీద పెట్టె, పెట్టె మీద బంతిపూల దండ. భూపాలం గారు రిబ్బనుని కొమ్ముతో తెంపి, కాలితో బటను నొక్కారు. పెట్టె పాఠం నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు.

"సోదర సోదరీమణులారా..."

ఆ "రా" సాగింది. పెట్టె విన్నది. ఆగకుండా సాగుతోంది కాబట్టి కూతే అనుకుంది. ఒక దీపం వెలిగింది.

పరాంకుశం చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు.

"ఈనాడు మన అడవీ..." అన్నారు భూపాలం గారు. రెండో దీపం. మళ్లీ చప్పట్లు. ఆయనకి ఉత్సాహం వచ్చింది. చప్పట్లు దీపానికో తనకో ఆయనకి తెలియలేదు, తెలుసుకోవాల్సిన అవసరమూ కనిపించలేదు. ఇంకాస్త సాగదీశారు. మూడు, నాలుగు, ఐదు. దీపం వెలిగినప్పుడల్లా ఆయన గొంతులో ఒక పొర ఊడిపోతోంది. ఏడో దీపానికి గొంతు నీళ్ల మజ్జిగలా పలచబడింది. పదో దీపానికి మూత పెట్టిన కుండలోంచి మాట్లాడుతున్నట్టుంది. పన్నెండోది వెలిగేసరికి హారన్‌లోంచి ఒక చిన్న ఈలలాంటిది తప్ప ఏమీ రాలేదు.

"కూత రాలేదు, గమనించారా" అన్నాడు పరాంకుశం.

కూత రాని మాట నిజం. అందరూ గమనించారు. రెండోది కూడా గమనించారు గానీ దాన్ని గురించి ఎవరూ నోరెత్తలేదు.

"నా గొంతు కొంచెం సన్నగా వచ్చినట్టుందే?" అన్నారు భూపాలం గారు కిందికి దిగి.

"పట్టులా ఉంది సార్" అన్నాడు పరాంకుశం.

ఆయన పట్టుకి ఒప్పుకున్నారు. పరాంకుశం వెంటనే పెట్టె మూతకి లక్క పోసి, ఆ వేడి మీదే ప్రెసిడెంటు గారి గిట్ట ముద్ర వేయించాడు. సీలు పగలగొట్టినవాడు ఆ క్షణమే ఉద్యోగంలోంచి డిస్మిస్ అని బోర్డు కూడా పెట్టించాడు. బోర్డు మీద పేరు లేదు గానీ అడవిలో సీలు దాకా చెయ్యి వెళ్లే ఉద్యోగి ఒక్కడే.

పెంచలయ్య నాలుగు రోజులు కూర్చుని రిపోర్టు రాశాడు. "పెట్టె ప్రెసిడెంటు గారి గొంతును కూతగా భావించినది. కావున మళ్లీ పాఠం చెప్పుటకు అనుమతి కోరుచున్నాను."

పరాంకుశం చదివి లేచి తలుపు వేసి వచ్చాడు.

"ప్రెసిడెంటు గారి గొంతు కూతా?"

"నేననలేదు సార్. పెట్టె అనుకుంది."

"దీనికి నీకు మూడో మెమో ఇవ్వొచ్చు తెలుసా?" అని కలం తీశాడు. తీసి ఆగాడు. మెమో ఇవ్వాలంటే కారణం రాయాలి. కారణం రాయాలంటే "ప్రెసిడెంటు గారి గొంతు కూత" అన్న ముక్క తన చేత్తో తానే రాయాలి. కలం మళ్లీ చెవి వెనక పెట్టుకున్నాడు. "ఈ కాగితం నేను చూడలేదు. నువ్వు రాయలేదు. ఈ నెలాఖరుకి పెట్టె పనితీరు చూసి నీ పోస్టు రద్దు చేస్తున్నాం. రవణమ్మకి చెప్పి సామాను సర్దుకోండి."

ఆ రోజు పెంచలయ్య తొర్రకి చేరేసరికి పొద్దు వాలింది. రవణమ్మ మెత్తటి నాచు పరుస్తోంది, పుట్టబోయే బిడ్డకి.

"ఏమయ్యా, ఆ బావమరిది మళ్లీ వచ్చినాడు. తొర్ర లోతు ఎంతని పుల్లతో కొలుచుకుని పోయినాడు. ఏందంట సంగతి?"

పెంచలయ్య చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. రవణమ్మ నాచు పరుస్తున్న చెయ్యి ఆగింది.

"మనసు పెట్టి పని చేసినావు కదా ఇన్నాళ్లూ. నీదేం తప్పని?"

"నిదానం" అన్నాడు పెంచలయ్య. వాడికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

నెలాఖరు రాకముందే సభలో గొడవ లేచింది. మడుగు వార్డు మెంబరు మంగతాయి, కప్ప, ప్రెసిడెంటు మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది. భూపాలం గారి చుట్టాలు మందలుగా మడుగులో దిగి పొర్లుతున్నాయి, నీళ్లు బురదై తోకకప్ప పిల్లలు చచ్చిపోతున్నాయి అని దాని బాధ. ఏడాదిగా అర్జీలు పెడుతోంది. ఇక ఓపిక పోయింది.

భూపాలం గారు నవ్వారు. ఓట్లు తోకలెత్తి వేయాలి. తోక లేనివాళ్లు కాలెత్తవచ్చని సవరణ ఉంది. ఎలా లెక్కేసినా మంగతాయికి వచ్చేవి పది కాళ్లు. వెనక వరసల్లోనేమో ఆయన సొంత ఏర్పాటు కింద తోలుకొచ్చిన అడవిపందులు వంద. దుంపలు పెడతామంటే వచ్చినవి. వాటికి పరాంకుశం ఇచ్చిన శిక్షణ ఒక్క ముక్కే. "విషయం మీకు అనవసరం. హారన్‌లో 'తోకలెత్తండి' అని వినబడగానే ఎత్తండి. కొంగ లెక్కపెట్టాక దింపి పడుకోండి."

పద్ధతి ప్రకారం ముందు ప్రెసిడెంటు మాట్లాడి, "వ్యతిరేకించేవాళ్లు తోకలెత్తండి" అంటారు. వంద తోకలు లేస్తాయి, కొంగ రాసుకుంటుంది. ఆ తర్వాత మంగతాయి ఏమన్నా వినడానికి మేలుకుని ఉండేవాళ్లుండరు. ఏ తీర్మానానికైనా ఇదే పద్ధతి.

ఆ రోజు భూపాలం గారు మైకు ముందుకొచ్చి గంటసేపు మాట్లాడారు. నోరు కదిలింది, గంగడోలు ఊగింది, కొమ్ములు ఎగిరాయి. హారన్‌లోంచి ఆ చిన్న ఈల తప్ప ఏమీ రాలేదు. ముందు వరసలోవాళ్లకి ఆయన సొంత గొంతు కొంచెం వినబడింది గానీ, వాళ్లూ అలవాటు కొద్దీ హారన్ వైపే చూస్తూ కూర్చున్నారు.

"తీర్మానాన్ని వ్యతిరేకించేవాళ్లు తోకలెత్తండీ..." అని ఆయన సాగదీశారు. ఆ సాగింది సాగినట్టు పెట్టె మింగేసింది. వెనక పందులు గురకలో ఉన్నాయి.

"నేను అడిగాను, రాసుకో" అన్నారాయన కొంగతో.

"మైకులో చెప్పండి" అంది కొంగ.

పరాంకుశం పడుతూ లేస్తూ పెంచలయ్య దగ్గరికొచ్చాడు. "ఏదో ఒకటి చెయ్యవయ్యా."

"ఈ పెట్టెని దాటించి వైరు కలిపితే గొంతు వచ్చేస్తుంది సార్. కాకపోతే ఆ వైరు మూత లోపలుండాది, సీలు పగలగొట్టాల. పగలగొట్టమని ఒక్క ముక్క రాసిస్తారా?"

"రాయడమెందుకు? నోటితో చెబుతున్నాగా."

"బోర్డు రాసిపెట్టినారు కదా సార్. నోటిమాటకి తీస్తే రేపు నా తొర్ర పోతుంది."

పరాంకుశం కలం వైపు చూశాడు, సీలు మీద గిట్ట ముద్ర వైపు చూశాడు, కలం చెవి వెనకే ఉంచాడు. పెంచలయ్య ఆ ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి, చెయ్యి చాపకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అంత హాయి వాడికి ఎన్నడూ తెలియదు.

ఇక మంగతాయి వంతు. మైకు మీదికి గెంతింది. అది సాగదీసే రకం కాదు. కప్ప మాట ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పెట్టె చెవి పెట్టింది, తను నేర్చుకున్న సాగదీత అందులో ఎక్కడా దొరకలేదు, వదిలేసింది.

"మడుగు. చెడింది. పిల్లలు. చస్తున్నాయి. ప్రెసిడెంటు. దిగిపోవాలి. ఒప్పుకుంటే. తోకలెత్తండి."

హారన్ గణగణలాడింది. వెనక వరసల్లో పందులు ఉలిక్కిపడి లేచాయి. "తోకలెత్తండి" వినబడింది, వంద తోకలు గాల్లోకి లేచాయి. పరాంకుశం "దింపండి, దింపండి" అని చేతులూపుతూ పరుగెత్తాడు. శిక్షణలో దింపడానికి ముందు కొంగ లెక్కపెట్టాలి. కొంగ నిదానంగా లెక్కపెట్టి, రాసి, గీత గీసింది. తీర్మానం నెగ్గింది.

భూపాలం గారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అది కూడా మైకులోనే చెప్పారు.

తీర్మానం నెగ్గించినవాళ్లే ప్రెసిడెంటని రూలు. మర్నాడు పొద్దున్నే మంగతాయి ప్రెసిడెంటు కూర్చునే బండ మీద కూర్చునేసరికి పరాంకుశం వాసన ముందే వచ్చి ఉంది. కార్యదర్శులు సభతో మారరు, ఆ విషయంలో అడవికి స్పష్టమైన నిబంధనలున్నాయి. చేతిలో విచారణ నివేదిక.

"అమ్మా, మాజీ ప్రెసిడెంటు గారి గొంతు ఎందుకు వినబడలేదని విచారించాను. పెట్టె తప్పు కాదు, దాన్ని ప్రెసిడెంటు ప్రారంభించారు. సీలు తప్పు కాదు, అది నేను వేశాను. కాబట్టి తప్పు పెంచలయ్యది."

"అతను. పెట్టెని. ముట్టుకున్నాడా?"

"ముట్టుకోలేదమ్మా. అదే తప్పు. ఇది మూడో మెమో. వీణ్ణి తీసేస్తే తొర్ర ఖాళీ అవుతుంది. పెట్టె ఉందిగా, ఎవరి చెయ్యీ పడక్కర్లేదు."

పెంచలయ్య ఒక మూల నిలబడి ఉన్నాడు. కళ్లు నేల మీద. తొర్రలో పరిచిన నాచు ఒక్కటే వాడి బుర్రలో తిరుగుతోంది.

మంగతాయి నివేదిక చివరి పేజీ దాకా చూసింది. కప్ప కళ్లు ముందుకీ పక్కకీ ఒకేసారి చూస్తాయి.

"తీసేద్దాం. సరే. రేపు. మళ్లీ. ఏదైనా అయితే? మెమో. ఎవరికిస్తాం?"

"పెట్టెకి..." అన్నాడు పరాంకుశం. అని ఆగిపోయాడు. పెట్టె సంతకం పెట్టదు, మూడు రోజుల్లో జవాబివ్వదు.

"ఫైలులో. ఇంకెవరి. పేరుంది?"

పరాంకుశం ఫైలు తిరగేశాడు. పెట్టె తెప్పించాలని రాసింది, సీలు వేయించింది, బోర్డు పెట్టించింది. ప్రతి కాగితం కిందా ఒకటే సంతకం, తన అందమైన సంతకం. ఆయన వాసన ఒక్కసారి మారిపోయింది.

చెవి వెనక కలం తనంతట తానే చేతిలోకొచ్చింది. అక్కడే, నిలబడే, ఆర్డరు రాశాడు. "శ్రీ పెంచలయ్య సేవలు సభకు అత్యవసరమైనందున అతనిని శాశ్వత ఉద్యోగిగా నియమించడమైనది. తొర్రయందు జీవితాంతము నివసించవచ్చును. విధులు: పెట్టె పక్కన కూర్చుండుట. పెట్టెను తాకరాదు. ఇకపై మెమోలు మరల ఒకటి నుండి లెక్కించవలెను."

రవణమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"తొర్ర మనదేనా?"

"మనదే. చచ్చేదాకా."

"మరి నువ్వు చేసే పనేంది?"

పెంచలయ్య కాగితం మడత పెట్టాడు. వాడికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది, రెండూ కలిసి నవ్వొచ్చింది.

"ఏదన్నా జరిగితే నేనని చెప్పడానికి ఉండాలంట" అన్నాడు.

నీతి: ఎంత తెలివైన యంత్రం వచ్చినా ఆఫీసులో చిన్న ఉద్యోగి పోస్టుకి ఢోకా లేదు, ఎందుకంటే యంత్రం మెమో అందుకోలేదు.